గాలికి తొడిగిన బట్ట

1945 జనవరి 9, మంగళవారం

లెక్క: సున్నం రెండు తట్టలు. పొగ కోసం పచ్చి రొట్ట ఒక మోపు. సబ్బు ఒక బిళ్ళ.

సబ్బు ప్లేన్ లోపల కడగడానికి. దొరగారి అతిథి, హైదరాబాదు సాహెబు, చక్రాలు నేలను తాకీ తాకకముందే కక్కుకున్నాడు. సీటు మీద, సీటు కింద, తోలు పట్టీల సందుల్లో. పైలట్ జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని నాకు వేలు చూపించాడు. చౌకీదారు డ్యూటీలో ఇది కూడా ఉందని ఎవరూ చెప్పలేదు. లేదనీ ఎవరూ చెప్పలేదు. కడిగాను. గుడ్లు, కోడిమాంసం, కిస్మిస్. నమలకుండా మింగినవి. యుద్ధం మొదలైనప్పటి నుంచి మా వాడలో ఏ కడుపులోనూ ఇన్ని రకాలు ఒక్కనాడు పడలేదు.

సాహెబు తూలుతూ దొరగారి కారెక్కాడు. రెండు వారాలు నల్లమల అంచున వేట ఆడతాడట. ఆయనను తీసుకుపోవడానికి ప్లేన్ 23న వస్తుంది, ఇంకా పెద్ద సాహెబును వెంటబెట్టుకుని.

అచ్చంపేట బస్సుకు పెట్రోలు లేదు. బొగ్గు మీద నడుస్తోంది. ఎత్తు వస్తే అందరూ దిగి నెట్టాలి. వీళ్ళ కక్కుకు మాత్రం పెట్రోలు ఉంది.

జనవరి 10, బుధవారం

చేతులకు ఇంకా ఆ వాసన ఉంది. బూడిదతో తోమాను. పోలేదు.

ప్లేన్ దిగే ఈ నేలను ఊళ్ళో ఇమానం బీడు అంటారు. ఆరేళ్ళ కింద ఇది మేకలు మేసే బోడచెలక. దొరగారు గుంజుకున్న రోజు చావడి ముందు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. రోగమొస్తే ఇగ బండ్ల మీద సావనక్కరలేదు, ప్లేన్ల పండవెట్టి పట్నం దవాఖానకు తోలుత అన్నారు. మా వాడవాళ్ళం దూరంగా నిలబడి విన్నాం. మా ఆడవాళ్ళే రాళ్ళు ఏరారు. మా మగవాళ్ళే గుట్టను చదును చేశారు. అంతా వెట్టే.

ఈ ఆరేళ్ళలో మా ఊరి నుంచి ప్లేన్ ఎక్కినవి: దొరగారి కోడలు, ఆమె సీతాఫలాల గంపలు, ఒక జింకపిల్ల. దవాఖానకు ఎవరూ పోలేదు. కాన్పు అడ్డం తిరిగిన మా చిన్నమ్మ బిడ్డ బండి మీదనే చచ్చిపోయింది. ఆ రోజు ప్లేన్ బీడు మీదనే ఉంది. ఎక్కించడానికి వీల్లేదన్నారు, సీట్లు తోలువట.

ఊరికి దీనివల్ల ఒక్కటే లాభం. బీడు మధ్య కొయ్య మీద వేలాడే గుడ్డ గొట్టం. గాలి ఎటు పోతుందో పైలట్‌కు చూపిస్తుంది. ఇంజినీరు విండ్ సాక్ అన్నాడు. మావాళ్ళకు కమ్మరి కొలిమి తిత్తి గుర్తొచ్చి గాలితిత్తి అంటారు. కల్లాల్లో జొన్నలు తూర్పార పట్టేవాళ్ళు దాని వైపు చూసి చేట ఎత్తుతారు. కృష్ణయ్య అనే రైతు అయితే తిత్తి లేవనిది కల్లంలోకి దిగడు. వాళ్ళ నాయిన దుమ్ము ఎగరేసి గాలి చూసేవాడట. మాకు దొర తిత్తి కావాల్సొచ్చె, గంత సోకైపోయినం అని నవ్వుతాడు.

జనవరి 11, గురువారం

పాత తిత్తి చిరిగి పీలికలైంది. మొన్నటి ప్లేన్‌లో కొత్తది వచ్చింది. ఈరోజు ఎక్కించాను.

దాన్ని విప్పి నేల మీద పరిచినప్పుడు కొంచెంసేపు చేయి తీయలేకపోయాను. తెల్లటి దళసరి బట్ట. అడ్డం నిలువూ గట్టి నేత. నారాయణపేట మగ్గాల మీద కూడా ఈ మధ్య ఇంత నూలు పడలేదంటారు. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. ఇద్దరు మనుషుల పొడుగు.

మా ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరు. చీర ఒకటి. జానమ్మ నా భార్య. సైదమ్మ నా చెల్లెలు, మొగుడు చనిపోయి మా దగ్గరే ఉంటోంది. కూలికి పోయేది జానమ్మ కాబట్టి చీర జానమ్మది. సైదమ్మ గోనెపట్ట చుట్టుకుని గింజల గుమ్మి వెనక కూర్చుంటుంది. తెల్లవారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి బయటికి వస్తుంది. పోయిన వానకాలం నుంచి ఆమె పగలు చూడలేదు. వాడలో సగం ఇళ్ళు ఇంతే.

బట్ట కంట్రోలు. కార్డు ఉంటే దుకాణంలో ఇస్తారు. మా వాడ కార్డులన్నీ పట్వారీ రామచంద్రయ్య పంతులు దగ్గరే ఉన్నాయి. కార్డు మీద మా పేర్లు. బట్ట ఆయన బ్లాకులో అమ్ముకుంటాడు.

తిత్తి ఎక్కుతుంటే గుర్వమ్మ పెద్దవ్వ గోనె భుజాన కప్పుకుని చూస్తూ నిలబడింది. కొడుకా, గాలికి లగ్గమా, కొత్త బట్ట తొడుగుతున్నవు అని అడిగింది. తర్వాత, గాలికి సిగ్గెందుకు బిడ్డా, దానికి ఒళ్ళే లేకపాయె అన్నది.

తాడు బిగించి ముడి వేశాను.

జనవరి 13, శనివారం

లెక్క: సున్నం ఒక తట్ట.

వాడలో మగవాళ్ళను హాకా కొట్టడానికి అడవికి తోలుకుపోయారు. డప్పులు కొట్టి మెకాలను సాహెబు తుపాకీ ముందుకు తరమాలి. నేను చౌకీదారును కాబట్టి వదిలేశారు. మైసయ్యకు కాలు బాగాలేదు కాబట్టి వదిలేశారు. మైసయ్య నాకు మేనబావ. తోళ్ళు నానేసే పని.

జనవరి 16, మంగళవారం, ఉదయం

తిత్తి లేదు.

ముందు చూసింది కృష్ణయ్య. కల్లం మీద నుంచి కేకేశాడు, ఓ ఇస్రాయేలూ, నీ తిత్తి ఎగిరిపోయిందిరో అని. పోయి చూశాను. ఎగిరిపోలేదు. అంచు కుట్టు కోసి బట్టను తీసుకున్నారు. బట్ట నోటికి ఉండే ఇనుప కడియాన్ని మళ్ళీ తాడుకు కట్టి పైకి ఎక్కించి వదిలారు. కడియం ఒక్కటే కొయ్య కొసన ఊగుతోంది.

తాడు ముడి చూశాను.

నా చేతి ముడి అది. ఒక ఈడుపుకు ఊడుతుంది, గాలికి ఊడదు. దాన్ని నేను ఒకరికే నేర్పాను, చిన్నప్పుడు, మేకపిల్లను కట్టేయడానికి.

పట్వారీకి చెప్పడానికి పోయాను. నేను చెప్పకపోతే కల్లాలు చెబుతాయి.

అదే రోజు, సాయంత్రం

పంతులు అరుగు దిగకుండా విన్నాడు. ఏరా, కొంగలెత్కపోయినయా అన్నాడు. తెలియదన్నాను. తెలిసేది నీ వాడల్నే ఉంటది, రేపు అమీను వస్తడు, అప్పుడు నీకే తెలుస్తది అన్నాడు. నేను నిలబడ్డ చోట నీళ్ళు చల్లమని ఇంట్లోకి చెప్పాడు. నేను ఇంకా అక్కడే ఉన్నాను. కాళ్ళ మీద పడ్డాయి.

ఇంటికి వచ్చాను. సైదమ్మ గుమ్మి వెనక ఉంది. అంబలి పోసింది. చేతి వేళ్ళు గోళ్ళ దాకా ఎర్రమట్టి రంగు. తంగెడు చెక్క రంగు. తోళ్ళ పని చేసేవాళ్ళకే అంటుతుంది.

నేను అడగలేదు. ఆమె చేయి దాచలేదు.

జనవరి 17, బుధవారం

ఈరోజంతా అసహ్యం.

పోలీసు అమీను నలుగురు జవాన్లతో వచ్చాడు. ప్రతి గుడిసెలో కుండలు బోర్లించారు. జొన్నల్లో చేతులు పెట్టి కలిపారు, తౌడు తొక్కారు. గుమ్మి వెనక కూర్చున్న ఆడవాళ్ళను లేవమన్నారు. లేచి ఏమి చూపించాలి. గోనెపట్టలు కర్రతో ఎత్తి కింద చూశారు. జవాన్లలో ఒకడు నవ్వాడు. సైదమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. నేను గడపలో ఉన్నాను, చేతులు కట్టుకుని. సర్కారు నౌకరిని కదా.

పట్వారీ వాడ బయటే, వేపచెట్టు కింద, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు మావాళ్ళ కూలి గింజల్లో నాలుగోవంతు కావాలి. మా వాసన అక్కరలేదు.

చివరికి మైసయ్య లంద మిగిలింది. తంగెడు చెక్క నీళ్ళలో తోళ్ళు నానే గుంత అది. నురుగు, ఈగలు, బర్రెతోలు కంపు. అమీను పది అడుగుల దూరంలో ఆగిపోయి ఉమ్మేశాడు. జవాన్లను పొమ్మన్నాడు. వాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు, హుజూర్, మీరు కొలువు తీసేసినా సరే గండ్ల చెయ్యి పెట్ట అన్నాడు.

అమీను నన్ను పిలిచాడు. నువ్వు దిగు, నువ్వు గా జాతోనివే గద అన్నాడు.

దిగాను. భుజం దాకా చేయి పెట్టాను. పైన ఒక తోలు, కింద ఒక తోలు. రెండింటి మధ్య బట్ట. మడత పెట్టి ఉంది, చక్కగా, పెట్టెలో పెట్టినట్టు. వేళ్ళకు అంచు కుట్టు తగిలింది.

మైసయ్య నా వైపు చూడలేదు. కాలు పట్టుకుని నేల చూస్తున్నాడు.

తోళ్ళే ఉన్నాయి హుజూర్ అన్నాను. కావాలంటే ఒక్కొక్కటే తీసి మీ ముందర పరుస్తానన్నాను.

వద్దు, వద్దు అని అమీను గుర్రం ఎక్కాడు.

జనవరి 18, గురువారం

పట్వారీ వాడ పెద్దలను పిలిపించాడు. పెద్దలు అడవిలో హాకా కొడుతున్నారు కాబట్టి ముసలివాళ్ళు పోయారు. హుకుం ఇది. 23న ప్లేన్ వచ్చేనాటికి కొయ్య మీద తిత్తి ఉండాలి. దొంగ పేరు చెప్పాలి, లేదంటే బట్ట వాడ మొత్తం కలిసి ఇవ్వాలి. ఇంటికి ఒక గుడ్డ. మేర భిక్షపతి కుట్టి ఇస్తాడు.

గుర్వమ్మ పెద్దవ్వ, పంతులూ, ఇంటికి ఒక్కటే ఉన్నది, అది ఇస్తే మా మానం మీ చావడిల దాసుకుందుమా అని అడిగింది. ఆయన వినలేదు. విన్నాడు, కండువా సర్దుకున్నాడు.

నన్ను విడిగా ఆపాడు. గొంతు తగ్గించాడు. నువ్వు చదువుకున్నోనివి, అక్షరాలు నీ అంతట నువ్వే నేర్సినోనివి, నీకు చెప్పేదేమున్నది అన్నాడు. పేరు ఒక్కటి చెప్పు, నీ కొలువు నీకుంటది. నీ ఇంటి కార్డు నీకిస్త. చీరలు రెండు, నీ ఆడోళ్ళకు చెరొకటి.

చెల్లెలిని అమీనుకు అప్పగిస్తే చెల్లెలికి చీర. ఇంత వంకర లెక్క నేను ఎక్కడా రాయలేదు.

ఆలోచించి చెబుతానన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే కక్కొచ్చింది.

జనవరి 19, శుక్రవారం

ఎవరికీ ఏమీ చెప్పలేదు.

జనవరి 20, శనివారం

ఇంట్లో గొడవ.

జానమ్మకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తెలియదు. రేపు తన చీర తీసుకుపోతారు. పొయ్యి ముందు కూర్చుని అందరికీ వినబడేలా మొదలుపెట్టింది. ఆడిబిడ్డకేమో దొర ఇమానం లంగానాయె, పెండ్లమేమో గోనె కట్టుకోవాల్నట, మంచిగున్నది నీ న్యాయం అన్నది. పొద్దంతా ఎండల కూలి చేసేది నేను, నాకు కట్టు గుడ్డ లేకపోతే మీ ఇద్దరికి గంజి గాలితిత్తి పోస్తదా అన్నది.

సైదమ్మ గుమ్మి వెనక నుంచి జవాబిచ్చింది. వదినె, నువ్వు ఎండ బాధ అంటున్నవు. నాకు గా ఎండ ఎట్లుంటదో యాదికి లేదు అన్నది. తర్వాత, రేపు నేనే పోయి పట్వారికి చెప్త, నన్ను పట్టుకపోతే నీ చీర నీకుంటది అన్నది.

జానమ్మ చాలాసేపు పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. పోతవా, గోనె మీద పోతవా చావడికి, ఊరంత చూడంగ అన్నది. కూసో. కూసోని గా జొన్నరొట్టె తిను.

నేను పేరు చెబితే మా ఇంటికి రెండు చీరలని జానమ్మకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాకూడదని ఉంది.

జనవరి 21, ఆదివారం

ఈరోజు చర్చి లేదు. ప్రార్థనకు కట్టుకు వచ్చే బట్ట ఎవరికీ మిగల్లేదు.

పొద్దున్నే మేర భిక్షపతి వేపచెట్టు కింద చాప వేసుకుని కత్తెర పెట్టుకున్నాడు. మొదట గుర్వమ్మ పెద్దవ్వ వచ్చింది. చీర విప్పి ఇచ్చింది, గోనె మీదనే తిరిగిపోయింది. పోతూ పోతూ నా చెవి దగ్గర ఆగింది. మైసయ్యను తొందర పెట్టకు, తంగెడు ఇంకో నాలుగు దినాలు పట్టాలె, లేకపోతే తెలుపు కనపడ్తది అన్నది.

అప్పుడు అర్థమైంది. అందరికీ తెలుసు. చీర ఇచ్చిన ప్రతి ఇంటికీ తెలుసు. అమీను కుండలు బోర్లించినప్పుడే తెలుసు. ఒక్క పేరు చెబితే వాళ్ళ చీరలు వాళ్ళకుండేవి. ఎవరూ నోరు విప్పలేదు. దాని గురించి ఎవరూ గొప్పగా కూడా మాట్లాడలేదు.

జానమ్మ చీర నేనే తీసుకుపోయి ఇచ్చాను. భిక్షపతి దాన్ని ఒడిలో వేసుకుని, అన్నా, మా మేరోళ్ళ ఇంట వుట్టినోడెవ్వడు ఇసొంటి కుట్టు కుట్టలేదు అన్నాడు. కోయలేదు. ఏ చీరకూ కత్తెర పెట్టలేదు. అంచుకు అంచు పెట్టి పెద్ద పెద్ద కుట్లు వేశాడు, లాగితే ఊడేలా. చెమట వాసన, పసుపు మరకలు, బాలింత చీర ఒకటి.

సాయంత్రం ఎక్కించాను. కొయ్య మీద మా వాడ ఆడవాళ్ళందరూ ఊగుతున్నట్టుంది. కృష్ణయ్య కల్లంలో చేట కింద పెట్టేశాడట. గాలి మంచిగనే ఉన్నది గాని అటు చూడబుద్ధి కాలేదు అని నాతో అన్నాడు. ఆ పూట జొన్నలు అలాగే కుప్ప పోసి ఉన్నాయి.

జనవరి 23, మంగళవారం

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

ప్లేన్ దిగేముందు బీడు మీద రాళ్ళు ఏరాలి, పెంట ఎత్తాలి, ఊడవాలి. ఆ వెట్టి మాదిగవాడ ఆడవాళ్ళది. పొద్దున కావలికారు వచ్చి కేకేశాడు. ఒక్కరూ రాలేదు. మళ్ళీ కేకేశాడు. చివరికి పట్వారీ వచ్చాడు, వేపచెట్టు దాకా.

గుర్వమ్మ పెద్దవ్వ గుడిసెలోంచే మాట్లాడింది. పంతులూ, మేం వస్తం, ఎందుకు రాం, మీ ఉప్పు తిన్నోళ్ళం. మా చీరలు కొయ్య మీదున్నయి. ఉత్త ఒంటితోటి రమ్మంటే అట్లనే వస్తం, సాహెబులు చూసి సంబురపడ్తరు అన్నది. గుడిసెల్లో ఎక్కడో నవ్వు. తర్వాత ఇంకో గుడిసెలో.

మగవాళ్ళు అడవిలో ఉన్నారు. పట్వారీ ఊళ్ళోకి పోయి చాకలివాళ్ళను పిలిచాడు. మాది బట్టలుతికే వెట్టి, రాళ్ళు ముడితే రేపు మా కులపోళ్ళు తప్పు వేస్తరన్నారు. కుమ్మరులను అడిగాడు. మేం కుండలిస్తం, పెంట ఎత్తం అన్నారు. కాపు ఆడవాళ్ళను అడిగే ధైర్యం ఆయనకే లేదు. ఏ పని ఏ కులానిదో తరతరాలుగా గీత గీసి పెట్టింది ఆయన తాత తండ్రులే. ఆ గీత మీద తానే నిలబడి అటూ ఇటూ చూశాడు.

చివరికి, దించురా దాన్ని అన్నాడు నాతో. దించాను. భిక్షపతి దారం కొస పట్టి లాగాడు. ఎవరి చీర వారికి పోయింది. ఊడ్వంగనే మళ్ళ ఇయ్యాలె అని పట్వారీ అరుస్తూనే ఉన్నాడు.

ఆడవాళ్ళు వచ్చారు. ఇంత నెమ్మదిగా వాళ్ళు పని చేయడం నేనెన్నడూ చూడలేదు. ఒక రాయిని ఏరి, దుమ్ము దులిపి, చూసి, తట్టలో పెట్టారు. జానమ్మ వాళ్ళ నడుమ ఉంది. సగం బీడు కూడా కాకముందే ఉత్తరాన ప్లేన్ చప్పుడు వినబడింది.

పట్వారీ పరుగెత్తాడు. విప్పుండ్రే, చీరలు విప్పుండ్రి అన్నాడు. చెలక గట్టు మీద దొరగారి కారు ఆగి ఉంది, వేట సాహెబు అందులోంచి దిగుతున్నాడు. ఆడవాళ్ళు చేతులు కట్టుకుని బీడు మధ్యలో నిలబడ్డారు. కదలలేదు. లాగే ధైర్యం ఎవరికీ లేదు, సాహెబు చూస్తున్నాడు మరి. పట్వారీ తన కండువా తీసి నా చేతిలో పెట్టాడు. కట్టరా, ఇది కట్టు అన్నాడు. కట్టాను. అది కొయ్యకు చుట్టుకుని ఉండిపోయింది, తడి పేగు లాగా.

ప్లేన్ పైన తిరిగింది. కింద గాలి చూపించే తిత్తి లేదు. దిగే చోట మనుషులున్నారు. మళ్ళీ తిరిగింది. పైలట్ తల వంచి చూడటం కనబడింది.

తిత్తి లేనప్పుడు పచ్చి రొట్ట అంటించి పొగ పెట్టాలి. అది నా పని. రొట్ట ఎండిన కట్టెల మీద పేర్చి ఉంది. అగ్గిపెట్టె నా చేతిలో ఉంది. పట్వారీ ఆడవాళ్ళను తిట్టడంలో ఉండి నన్ను చూడలేదు. అగ్గిపెట్టెను జేబులో పెట్టుకున్నాను.

ప్లేన్ ఇంకో చుట్టు తిరిగి హైదరాబాదు దిక్కుకు పోయింది.

జనవరి 24, బుధవారం

కొలువు పోయింది. వీపు గురించి రాయను.

వేట సాహెబు అచ్చంపేట దాకా కారులో పోయి అక్కడ బొగ్గు బస్సు ఎక్కాడట. ఎత్తు దగ్గర ఆయన కూడా దిగి నెట్టాడో లేదో తెలియదు. డ్రైవరును అడగాలని ఉంది.

పెద్ద సాహెబు కోసం వండిన పులావు, రెండు మేకల మాంసం గడీలో అలాగే ఉండిపోయాయి. మేకలు మా వాడవే. నిన్న పెట్టలేదు. ఈరోజు పొద్దుగూకే వేళకు, పులిసి తీగలు సాగాక, గంగాళాలు వాడ ముందర దింపి పోయారు. దొరగారి దయ అని చెప్పమన్నారట. కొందరు కడుక్కుని తిన్నారు. పిల్లలున్నవాళ్ళు. వాళ్ళను ఏమీ అనను. ఆ దయ వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులోనే ఉంది. లందలో చేయి పెట్టినప్పుడు ఇంత కంపు తెలియలేదు.

జనవరి 28, ఆదివారం

మైసయ్య బట్ట బయటికి తీశాడు. వాగులో జాడించి, గుట్ట వెనక బండ మీద ఆరేశాడు. ఇప్పుడు అది ఎండిన చింతపండు రంగు. బావా, ఇది తోలు గట్టిదైంది, మనుమరాలు గూడ కట్టుకుంటది అన్నాడు. భిక్షపతి వెడల్పు కొసను సైదమ్మ నడుముకు సరిపడా కుచ్చిళ్ళు పోసి లంగా కుట్టాడు. మిగతాదాంట్లో గుర్వమ్మ పెద్దవ్వకు భుజాల మీదికి ఒక ముక్క, జానమ్మకు రవిక.

జానమ్మ రవిక వాసన చూసి మొఖం పక్కకు తిప్పింది. తర్వాత తొడుక్కుంది.

జనవరి 31, బుధవారం

కొత్త చౌకీదారు పట్వారీ మనిషి. హైదరాబాదు నుంచి ఇంకో తిత్తి వస్తుందట. వస్తుంది. వాళ్ళకు బట్ట ఎప్పుడూ ఉంటుంది.

పట్వారీ ఈరోజు సైదమ్మను చూశాడు. వాడ మొగదల ఆగి, లంగా వైపు చాలాసేపు చూశాడు. ఆ కుట్టు ఏమిటో ఆయనకు తెలిసింది. తెలిసినట్టు నాకు తెలిసింది. పట్టి చూడాలంటే ముట్టుకోవాలి. రెండడుగులు ముందుకు వేశాడు. తర్వాత కండువా ముక్కుకు పెట్టుకుని తిరిగిపోయాడు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

లెక్క ఏమీ లేదు.

పొద్దు నడినెత్తి మీద ఉండగా సైదమ్మ కడవ తీసుకుని బావికి పోయింది. నీళ్ళు నిండాక కూడా రాలేదు. జానమ్మ నన్ను పంపింది. బావి గడ్డ మీద నిలబడి ఉంది. మొఖం పైకి ఎత్తి, కళ్ళు తెరిచి.

ఇంటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఏడ్చినవా అని అడిగాను.

లేదన్నా, ఎండ అన్నది.